మూడో అంతస్తు గేటాయన

జూన్ 4

అమ్మడూ,

నీ పార్సెలు అందింది. అందింది అని ఒక్క ముక్కలో రాసేశాను గానీ, ఆ పూట మనింట్లో జరిగిన హడావిడి అంతా రాయాలంటే ఈ కాగితం చాలదు. ఇంకో రెండు పక్కన పెట్టుకునే కూర్చున్నాను.

పోస్టుమాన్ మెట్లెక్కడం ఎందుకులే అని కింద టైలరు కొట్లో ఇచ్చేసి పోయాడు. టైలరు సంగతి నీకు తెలుసు కదా, వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు తన కత్తెరకి చెప్పి ఆ తర్వాత మనకి చెప్తాడు. అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "బాబాయ్, లోపల ఏదో గడగడలాడుతోంది, మందుసీసాలా ఉంది. పగిలిందంటే నా పూచీ లేదు" అంటూ పైకి తెచ్చాడు. తెచ్చినవాడు ఇచ్చి వెళ్ళచ్చు కదా, గుమ్మంలోనే కూలబడ్డాడు. మీ అమ్మ సంగతీ తెలుసు, దారం తెంపనివ్వదు. గోటితో ముడి విప్పి, దారం వేలికి చుట్టుకుని, డబ్బాలో దాచుకుని వచ్చాకే కాగితం తీసింది. అప్పటిదాకా నేను ఒంటికాలి మీద ఉన్నానంటే నమ్ము. నా రెండో కాలు ఎలాగూ సగం కాలే.

అరచేతిలో ఇమిడిపోయే పెట్టె, దాని నెత్తిన గుచ్చిన చిన్న క్యాసెట్టు. నా కూతురు బొమ్మలు గీసిన వీడియో ఆట ఇంత చిన్న దాంట్లో ఎలా పట్టిందా అని తిప్పి తిప్పి చూశాను. బ్యాటరీలు కొనుక్కోమని నువ్వు రాసిన చీటీ చదివే ఓపిక ఎవరికుంది? గోడ గడియారంలోది ఒకటి, టార్చిలోది ఒకటి లాగి వేశాను. ఇప్పుడు మనింట్లో ఎప్పుడు చూసినా పదింపావే.

వెలిగింది. పాట వచ్చింది. ఎర్ర సూటు వేసుకున్న పిల్ల ఎక్కడో నక్షత్రాల అవతల, మనుషుల్ని పట్టి బంధించిన ఇనుప ఫ్యాక్టరీ ముందు నిలబడింది. నేను చెయ్యి పెట్టకుండానే ఊపిరి తీస్తోంది, భుజాలు కదులుతున్నాయి. "చూడవే, ఊపిరి తీస్తోంది" అంటే మీ అమ్మ, "తీయక ఏం చేస్తుంది, మీ చేతిలో పడ్డాక ఎన్నాళ్ళు తీస్తుందో చూడాలి" అంది. అన్నట్టే మొదటి గొట్టంలోనే పడిపోయింది. మూడు ప్రాణాలిచ్చారు, మూడూ అక్కడే పోగొట్టాను. ఇప్పుడు మాత్రం గొట్టాలన్నీ దూకేస్తున్నాను. దూకేటప్పుడు నేను కూడా కుర్చీలోంచి లేస్తున్నానని మీ అమ్మ ఫిర్యాదు.

ఇంకా థియేటర్లకి రాని సినిమాకి మన పిల్ల ముందే ఆట చేసేసిందని వీధంతా తెలిసిపోయింది. సినిమా కూడా నువ్వే తీశావని టైలరు చెప్పుకుంటున్నాడు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్ ఉన్నది అతని కొట్లోనే. అక్కడ నేను సంతోషం పట్టలేక ఏడ్చేస్తే రేపు ఆ ఏడుపుకి కూడా కొలతలు తీసి పెడతాడు. అందుకే ఉత్తరం.

ఆట ఆడీ ఆడీ మెడ పట్టేసిన
మీ నాన్న

జూన్ 12

నాన్నా,

ముందు గడియారంలో బ్యాటరీ పెట్టించు. అమ్మ పదింపావుకి మందు వేసుకుంటుంది కదా, రోజంతా వేసుకుంటూనే ఉండగలదు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను, నవ్వు ఆపుకోలేక బయట మెట్ల మీదికి వెళ్ళి మిగతాది చదివాను. సినిమా నేను తీయలేదని టైలరన్నయ్యకి చెప్పు. తీయడం మాట అటుంచు, చూడను కూడా లేదు. మాలో ఎవరూ చూడలేదు. సినిమా వాళ్ళు ఫోటోల కట్ట ఒకటీ, కథ కాగితాలు కొన్నీ పంపారు, అంతే. ఆ ఫోటోలు గోడకి గుచ్చుకుని, కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకుని, వాటిలో కనపడనిదంతా మేం ఊహించి గీస్తాం. సినిమా విడుదలయ్యే రోజుకే ఆట కొట్లలో ఉండాలి. నీకు పంపింది ముందు తయారైన వాటిలోది. జాగ్రత్త.

ఎర్ర సూటు పిల్ల ఊపిరి తీయడం చూశావా. అది నాది. క్యాసెట్టులో చోటు తక్కువ కాబట్టి ఆటలో ఒక్కో మనిషికి నాలుగైదు బొమ్మలకి మించి గీయనివ్వరు. ఊపిరికి రెండు బొమ్మలు కావాలని అడిగితే మా పెద్దాయన, "ఊపిరి ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. నువ్వు చూశావు.

నల్ల బటను దూకడానికి, ఎర్ర బటను కాల్చడానికి. ఎగిరే ఇనుప పురుగులు వస్తే ఆగకుండా ఎర్రది నొక్కు. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు చాలా బాగుంటాయి, తీరిగ్గా ఆడుకో. మూడో అంతస్తుకి తొందరేం లేదు. కళ్ళకి శ్రమ. నిజంగానే చెప్తున్నా.

కాలు ఎలా ఉంది? రాయమంటే రాయవు.

అమ్మడు

జూన్ 21

అమ్మడూ, మా తల్లీ,

తొందర లేదన్నావు గానీ నేను ఆగగలనా? మూడో అంతస్తుకి చేరాను. చేరి, చూసి, పెట్టె టైలరు చేతిలో పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకో నీకు తెలుసు. తెలిసే చెప్పకుండా దాచావు, దొంగపిల్లా.

జరిగినట్టు రాస్తాను. రెండో అంతస్తు పురుగుల్ని నువ్వు చెప్పినట్టే ఆగకుండా కాల్చి, నిచ్చెనెక్కి పైకి వెళ్ళాను. అక్కడ పెద్ద ఇనుప తలుపు. దాని ముందు ఒక ఇనుప మనిషి. నేను ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటున్నాను, టైలరు నా భుజం మీంచి తొంగి చూసి, "బాబాయ్, ఇది నువ్వే" అన్నాడు.

"ఇనుముతో చేశారయ్యా, నేనెలా అవుతాను" అన్నాను.

"నీ ప్యాంట్లు కుట్టేది నేను. ఎడమకాలు ఎంత పొట్టిగా కుట్టాలో నాకు తెలీదా? నడవనియ్యి, చూడు."

నడిచాడు. తలుపు ఈ చివర నుంచి ఆ చివరకి. ఎడమ భుజం కొంచెం కిందకి, ఆ పక్క కాలు ఈడుస్తూ. చివరికెళ్ళి ఆగి, నడుం మీద చెయ్యేసి వెనక్కి వంగాడు. టోపీ సర్దుకున్నాడు. మీ అమ్మని పిలిచాను. ఆవిడ తడి చేత్తోనే వచ్చి చూసి, "టోపీ ఇంతకంటే మాసిపోయి ఉండేది" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

నేను జీవితమంతా సీసాల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి. నన్ను ఎవరు చూశారు? లారీలవాళ్ళు రసీదు చూశారు, మేనేజర్లు గడియారం చూశారు. ఎదురుగా నిలబడ్డా పేరుండేది కాదు, "గేటాయన" అనేవాళ్ళు. అలాంటి నన్ను నా కూతురు తీసుకెళ్ళి నక్షత్రాల అవతల డ్యూటీలో పెట్టింది. బాల్కనీలో నిలబడి ఏం చేశానో రాయను. గాలికి కళ్ళలో దుమ్ము పడింది అనుకో.

ఇంతకీ ఒక సందేహం. ఆ తలుపు తెరుచుకోవడం లేదు. నేను పద్ధతి ప్రకారమే వెళ్ళాను. అతని ముందు నేల మీద పసుపు గీత ఉంది, గీత దాటితే టార్చి వేస్తాడు, ఆ వెలుగు తగిలితే ఒక ప్రాణం పోతుంది. బాగుంది, డ్యూటీ అంటే అలాగే ఉండాలి. కాబట్టి గీత ఇవతలే ఆగాను. ఎర్ర సూటు పిల్ల నిలబడింది, అతను అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఊపిరి తీస్తూ ఆవిడా, కాలు ఈడుస్తూ ఆయనా. పురుగులైతే కాల్చేశాను గానీ డ్యూటీలో ఉన్న మనిషిని అడక్కుండా ఎలా దాటిపోతాం? పాసు ఏదైనా కింది అంతస్తుల్లో దొరుకుతుందేమో అని మళ్ళీ దిగి మూలమూలలా వెతికాను. దొరకలేదు. అతనికి ఏం చూపించాలో వెంటనే రాయి. లోపల ఏముందో చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

కాలు బాగానే ఉంది. చూశావుగా, నడుస్తున్నాడు.

నీ ఇనుప నాన్న

జూన్ 28

నాన్నా,

తొందర్లో రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మూడో అంతస్తు తలుపు దగ్గర నీ క్యాసెట్టులో చిన్న లోపం ఉంది. అది తెరుచుకోదు. పాసు లాంటిదేమీ లేదు, ఉత్తగా వెతక్కు. ముందు చేసిన కాపీల్లో ఇలాంటివి ఉంటాయి. ఒకటి, రెండు అంతస్తులు ఆడుకో, అవే అసలు బాగుండేవి. మూడో అంతస్తు ఇంకెవరిచేతా ఆడించకు. టైలరన్నయ్య చేతికి అసలే ఇవ్వకు.

నువ్వు బాల్కనీలో నిలబడ్డావని చదివి నేను కూడా ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళాను. తర్వాత వివరంగా రాస్తాను.

అమ్మడు

జూలై 9

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, మడిచి, బియ్యం డబ్బా వెనక దాచాను. మీ అమ్మకి కూడా చూపించలేదు. ముందు ఒక్క మాట. నువ్వేం భయపడకు.

పనన్నాక లోపం రాదా? మా గేటు కడ్డీ ఒకసారి సగంలో బిగుసుకుపోయింది. అటు లారీలు, ఇటు లారీలు, మధ్యలో మేనేజరు కారు. నన్ను తిట్టనివాడు లేడు. చివరికి ఏమైంది? గ్రీజు పూశారు, లేచింది. నీ తలుపూ అంతే. మీ పెద్దాయన కోప్పడితే తల వంచుకుని వినెయ్యి, ఎదురు చెప్పకు. ఉద్యోగం జోలికి వస్తాడని మాత్రం అనిపిస్తే నాకు రాయి, బస్సెక్కి వస్తాను. పెద్ద పెద్ద ఆఫీసర్లతో మాట్లాడే పద్ధతి నాకు తెలుసు. గేటు దగ్గర వాళ్ళు కారు అద్దం దించేదాకా ఓపిగ్గా నిలబడాలి, అంతే.

ఇక్కడి సంగతి నేను చూసుకున్నాను. నీ పనిలో లోపం ఉందని ఒక్కరికి తెలిసినా వీధి దాటుతుంది కదా. అందుకని టైలరుతో ఆట మొత్తం పూర్తి చేశానని చెప్పేశాను. అక్కడితో ఆగుతుందనుకున్నాను. "అయితే చివర్లో ఏమవుతుంది బాబాయ్?" అన్నాడు. ఏం చెప్పను? బంధించిన మనుషులందరినీ విడిపిస్తుంది అన్నాను. "ఎంతమందిని?" అన్నాడు. చాలామందిని అన్నాను. "ఎలా తీసుకెళ్తుంది?" బస్సులో అన్నాను, నోటికి అదే వచ్చింది. మర్నాడు గడ్డం గీయించుకోడానికి వెళ్తే మంగలి కత్తి నా గొంతు మీద పెట్టి, "బస్సు నక్షత్రాల మీద ఎలా నడిచింది" అని అడిగాడు. ఆ స్థితిలో ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు. ఇప్పుడు నా ముగింపులో ఎగిరే బస్సు ఉంది, దానికి డ్రైవరున్నాడు, ఆ డ్రైవరు ఎర్ర సూటు పిల్లకి చిన్నప్పుడు తప్పిపోయిన అన్నయ్య. మంగలి కళ్ళు తుడుచుకున్నాడు. రేపు సినిమా వచ్చాక నేను ఏ వీధిలోంచి నడవాలో ఆలోచించుకోవాలి.

ఇబ్బంది అంతా మీ అమ్మతోనే. నేనేమో రోజూ టీ తాగాక మూడో అంతస్తుకి వెళ్ళి పసుపు గీత దగ్గర ఆగుతున్నాను. తలుపు తెరుచుకోదని తెలుసు. అయినా వెళ్తున్నాను. అతను తిరుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది, ఒక్కోసారి "ఎండ బాగా ఉందా" అని పలకరిస్తున్నాను కూడా. మీ అమ్మ నిన్న వెనక నిలబడి, "ఊరంతటికీ పూర్తయిందని చెప్పి వచ్చారు, ఇంకా ఆ గేటు దగ్గరే ఏం చేస్తున్నారు?" అంది. చూసిందే మళ్ళీ చూస్తే తప్పా అన్నాను. ఆవిడ చూపు నాకు నచ్చలేదు. ఆవిడకి అనుమానం వచ్చింది.

నువ్వు మాత్రం వేళకి తిను. తలుపు సంగతి నా దగ్గర నుంచి బయటికి పోదు. గేటు దగ్గర పనిచేసినవాణ్ణి, ఏది బయటికి వదలాలో ఏది వదలకూడదో నాకొకరు చెప్పక్కర్లేదు.

నీ వెనక నిలబడ్డ
నాన్న

జూలై 17

నాన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. నువ్వు నాకోసం వీధిలో అబద్ధాలు చెప్పుకుంటూ తిరుగుతున్నావు. నేను నీకు చెప్పిందే అబద్ధం.

ఆ తలుపులో లోపం లేదు. నా ఉద్యోగానికేమీ కాలేదు. తలుపు తెరుచుకోవాలంటే ఆ గేటు మనిషిని కాల్చాలి. రెండు దెబ్బలు. అతను పడిపోతే తలుపు తెరుచుకుంటుంది. వేరే దారి లేదు.

ఎలా జరిగిందో చెప్తాను. సినిమా వాళ్ళిచ్చిన ఫోటోల్లో ఆ తలుపు ముందు కాపలా ఉన్నది మనిషి ఆకారం కాదు, ఒక ఇనుప డబ్బా, దానికో దీపం, అంతే. మా పెద్దాయన, "ఇది కదిలినట్టే ఉండదు, ఏదైనా చెయ్యమ్మా" అన్నాడు. గేటు దగ్గర కాపలా అనగానే నా చెయ్యి ఆలోచించలేదు. బడి వదిలాక మీ గేటు మెట్టు మీద కూర్చుని నీ డ్యూటీ అయ్యేదాకా చూస్తూ ఉండేదాన్ని కదా. నువ్వెలా తిరుగుతావో, ఎక్కడ ఆగి నడుం పట్టుకుంటావో, ఎవరినీ అడగకుండా గీసేశాను. ఒక్క పూటలో అయిపోయింది. ఆ ఆటలో నేను దిద్దకుండా గీసింది అదొక్కటే. అందరూ బాగుందన్నారు, నాకూ గర్వంగా అనిపించింది. అతన్ని ఏం చేస్తారో కథ కాగితంలో రాసే ఉంది, నేను చదివే ఉన్నాను. అయినా గీసేటప్పుడు తట్టలేదు.

మా పక్క గదిలో ఆటని పరీక్షించేవాళ్ళు ఉంటారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడటమే వాళ్ళ పని. మూడో అంతస్తుకి వచ్చినప్పుడల్లా గోడలోంచి చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు కూడా మేం చేసిందే, రేకు డబ్బా నేలకేసి కొట్టి. ఒకతను "ముసలోడు ఈసారి భలే పడ్డాడు" అని నవ్వాడు. మంచివాడే, నాతో టీ తాగుతాడు. నేను లేచి నీళ్ళ కోసం వెళ్ళాను. ఈ మధ్య నీళ్ళు ఎక్కువ తాగుతున్నాను.

నీకు పార్సెలు కట్టేటప్పుడు కూడా నువ్వు మొదటి అంతస్తు దాటవులే అనుకున్నాను. అది కూడా నిన్ను తక్కువ చేసి చూడటమే.

ఇప్పుడు అసలు మాట. మిగతా దేశాలకి పంపే కాపీలు ఈ నెలాఖరుకి తయారు చేస్తారు. బొమ్మ మార్చడానికి అప్పటిదాకా వీలుంది, మా పెద్దాయన్ని అడిగి ఒప్పించాను. నువ్వు ఊఁ అంటే అతన్ని తీసేసి ఫోటోలో ఉన్నట్టు ఇనుప డబ్బా పెట్టేస్తాను. అప్పుడు ఎవరు కాల్చినా డబ్బానే కాలుస్తారు. నీ మాట కోసం ఆగాను. కోపం వస్తే వచ్చిందని రాయి, దాచకు.

అమ్మడు

జూలై 23

అమ్మడూ,

నీ ఉత్తరం అందేసరికే నేను పోయి నాలుగు రోజులైంది. కంగారు పడకు, మూడో అంతస్తులో.

ఆదివారం పొద్దున టీ పక్కన పెట్టుకుని నేను మామూలుగా పసుపు గీత దగ్గర ఆగి ఉన్నాను. టైలరు కర్టెన్లకి కొలతలు తీయడానికి పైకి వచ్చాడు. మీ అమ్మ నేరుగా వచ్చి నా ఎదురుగా చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి."

"నీకెందుకే, నీకు రాదు."

"వచ్చినవాళ్ళు నెల రోజులుగా ఏం చేస్తున్నారో చూస్తున్నాగా. ఇవ్వండి." తీసేసుకుంది. టైలరు వైపు తిరిగి, "కాల్చేది ఏ బటను?" అంది.

"ఎర్రది పిన్నీ. అయినా బాబాయ్ ఎప్పుడో పూర్తి చేశాడుగా, బస్సు కూడా..."

"బస్సూ లేదు, ఏమీ లేదు. ఈయన గేటు దగ్గరే ఉన్నాడు."

"ఆగవే, అతను డ్యూటీలో ఉన్నాడు" అన్నాను నేను. నిజంగా అలాగే అన్నాను.

"మీరూ డ్యూటీలో ఉన్నానన్నారనే మా చెల్లెలి పెళ్ళికి నేనొక్కదాన్నే వెళ్ళాను" అంది. అని నొక్కింది.

మొదటి దెబ్బకి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకొచ్చి అదే చోట నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు. మీ అమ్మ వేలు ఆగింది. తర్వాత మళ్ళీ నొక్కింది. పడిపోయాడు. టోపీ ఊడి దొర్లుకుంటూ పోయింది, లోపల బట్టతల. అది కూడా గీశావు. నా చెయ్యి నా తల మీదికి పోయింది.

మీ అమ్మ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఏ జబ్బు చేసినప్పుడో చూసే చూపు.

"ఉన్నాను కదే" అన్నాను.

"ఉన్నారు. చల్లారిపోతోంది, ఆ టీ తాగెయ్యండి" అంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అమ్మడూ, ఆ లోపలి హాలు. మీ అమ్మ ఎర్ర సూటు పిల్లని పరిగెత్తించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆగు, చూడనీ" అన్నాను. ఎంత ఎత్తు కొలుములు, ఎన్ని చక్రాలు, పట్టాల మీద వరసగా కదిలిపోతున్న ఎర్రటి సీసాలు. ఇన్నేళ్ళూ నేను చప్పుడు విన్నాను, వేడి గాలి వీపుకి తగిలింది, అంతే. గేటు వాళ్ళకి రెండో షెడ్డు దాటి వెళ్ళే అనుమతి లేదు. మన ఫ్యాక్టరీలో లోపల ఇలాగే ఉంటుందో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు, నువ్వూ గేటు మెట్టు మీదే కూర్చున్నావు. అయితే ఏం, ఇద్దరం కలిసి చూశాం. పెట్టె కళ్ళకి దగ్గరగా పెట్టుకుని బ్యాటరీ అయిపోయేదాకా ఆ హాల్లోనే ఉన్నాను.

తర్వాత నుంచి పెట్టె నా చేతికి రావడం లేదు. మీ అమ్మ ఇప్పుడు ఆరో అంతస్తులో ఉంది. అక్కడ తిరిగే రంపాలు ఉన్నాయట, ఎప్పుడు దూకాలో తెలీక రోజూ ప్రాణాలు పోగొట్టుకుని, ఆ కోపం కూర మీద చూపిస్తోంది. ఎలా దాటాలో ఆవిడకి విడిగా ఒక ఉత్తరం రాయి. టైలరు మాత్రం బస్సు సంగతి ఇంకా మర్చిపోలేదు. కత్తిరించే గుడ్డ మీదికి వంగి ఒక్కడే నవ్వుకుంటున్నాడు. మంగలికి చెప్పొద్దని బతిమాలాను. అతనికి ఆ అన్నయ్య అంటే ఇష్టం.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. కోపం రాలేదు. నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు నీళ్ళకి లేచి వెళ్ళే చోట మాత్రం ఆగిపోయాను. ఇకమీదట లేవకు. గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి అందరూ దాటి పోవాల్సిందే కదా. లోపలికి పోవాల్సినవాళ్ళకి మధ్యలో కనపడేది అతనే, కాబట్టి తిట్లన్నీ అతనికే. ఆ పిల్లాడెవరో నవ్వాడన్నావు, నవ్వనీ. భలే పడ్డాడు అన్నాడంటే చూశాడన్నమాట. లారీలవాళ్ళు అది కూడా చూసేవాళ్ళు కాదు.

ఇంకో సంగతి. మీ అమ్మ రంపాల దగ్గర మూడు ప్రాణాలూ పోగొట్టుకున్నాక ఆట మొదటికి వస్తుంది. మళ్ళీ మూడో అంతస్తుకి వెళ్తే అతను మళ్ళీ అక్కడే ఉంటున్నాడు, టోపీతో సహా. మీ అమ్మ ఇప్పుడు కాల్చేముందు "కాస్త జరగండి" అంటోంది. జరగడని తెలుసు, అయినా అంటోంది.

డబ్బా పెడతానన్నావు. పెట్టకు. నేను మానేసిన వారానికే ఫ్యాక్టరీ గేటు దగ్గర నా చోట డబ్బానే పెట్టారు. కార్డు చూపిస్తే దీపం వెలుగుతుంది, కడ్డీ లేస్తుంది. నీకు రాయలేదు, రాయడానికి ఏముందిలే అనుకున్నాను. ఒకసారి అటు వెళ్ళినప్పుడు చూసి వచ్చేశాను. నువ్వు కూడా నన్ను తీసి డబ్బా పెడితే నేను ఇంకెక్కడ నిలబడను? అతన్ని ఉండనీ. మిగతా దేశాలవాళ్ళు కూడా కాల్చుకోనీ.

బొమ్మ మార్చడానికి ఇంకా వీలుందన్నావు కాబట్టి, మీ పెద్దాయన ఒప్పుకుంటే, క్యాసెట్టులో ఆ కాస్త చోటుంటే, ఒక్కటి చెయ్యి. తలుపు పక్కన గోడకి ఆనించి ఒక స్టూలు గీయి. అతను కూర్చోడులే, డ్యూటీలో కూర్చోకూడదు. ఉంటే చాలు.

నాన్న